మేరమ్మ మందు పెట్టింది

తిరువూరు,
నవంబరు.

తమ్ముడు అంతోనయ్యకు,

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టబోయింది ప్రమీల. వద్దన్నాను. మోకాళ్ళు పట్టేసి, కోడలు వండే చప్పిడి కూరలు తినలేక నేనుంటే కులాసా ఎక్కడిది? నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. రాస్తుంది. టీచరు కాబట్టి దస్తూరీ బాగుంటుంది, కూరలే బాగుండవు.

ఫోను చెయ్యొచ్చుగా అని నువ్వు ప్రతిసారీ అంటావు. ఫోనులో నీ గొంతు నాకు గుయ్యిమని తప్ప వినపడదు. నేను మొక్క సంగతి అడిగితే నువ్వు మోకాలి సంగతి చెబుతావు. కాగితమైతే ప్రమీల చేత నాలుగుసార్లు చదివించుకుంటాను.

సంగతేమిటంటే, నువ్వు కోటగిరి నుంచి పంపిన రేవల్చిన్ని గింజలు మొలిచాయి. అన్నీ కాదు. గోడ వారగా, పొద్దుటెండ మాత్రమే తగిలే చోట పెట్టాను. మనమ్మ ఎండిన రేవల్చిన్ని వేరుకొమ్మును సానరాయి మీద గంధం తీసినట్టు తీసి పసిపిల్లల నాలుకకు రాసేది, గుర్తుందా? సాయంత్రానికి పిల్లకి విరేచనమై, పొట్ట తేలికై నవ్వేది. ఆ హస్తవాసి నాకిచ్చి పోయింది. పెనుగొలనులో నాట్లు వేసే రోజుల నుంచీ తల్లులు పిల్లల్ని తెచ్చి నా ఒళ్ళో వేస్తూనే ఉన్నారు. ఈ కాలనీకి వచ్చాకా అంతే. "పొట్ట పట్టి చూడు మేరమ్మా" అంటారు. కానీ ఇప్పుడు కొట్టువాడు రేవల్చిన్ని అని ఇచ్చేది చూస్తే పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదు. అరగదీస్తే రంగు రాదు, వాసన లేదు. నా చేతిని కొట్టువాడు చెడగొడుతుంటే ఊరుకోనా? నా మందు నా పెరట్లోనే పెరగాలి.

ఎట్లా పెంచాలో రాయి. తీరిగ్గా రాయి, కానీ త్వరగా రాయి.

మీ అక్క
మేరమ్మ


కోటగిరి,
డిసెంబరు.

అక్కా,

నీ ఉత్తరం విప్పితే నువ్వు గుమ్మంలో నిలబడి తిడుతున్నట్టే ఉంది. హాయిగా ఉంది. సిస్టర్ల ఆసుపత్రిలో కాంపౌండరు పని మానేశాక నన్ను తిట్టే మనిషే లేకుండా పోయింది.

ముందు ఒక మాట. ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఇది చలికొండల మొక్క. ఇక్కడ ఈ అరవ కొండల్లో మా ఇంటి వెనక మంచులో తడిసి ఏనుగు చెవులంత ఆకులు వేస్తుంది. అయినా వేరు మందుకు పనికి రావాలంటే కొన్నేళ్ళు ఆగాలి. తిరువూరు చలికాలం దానికి ముద్దుగానే ఉంటుంది, మే నెల వస్తే మాత్రం నేను పూచీ కాదు. బాగా మాగిన పశువుల పెంట వెయ్యి. నీళ్ళు నిలవనివ్వకు, మొదలు కుళ్ళిపోతుంది. ఎండ ముదిరితే తడిగోనె పట్టా నీడ కట్టు.

పెరిగాక ఎట్లా ఉంటుందో అనుకుంటున్నావేమో, అది మన చుక్కకూర జాతిదే అక్కా. ఆ ఎర్రకాడ, ఆ పులుపు చూస్తే నువ్వే పోల్చుకుంటావు. ఇక్కడ సిస్టర్ల వంటింట్లో లేతకాడలు పంచదార వేసి ఉడికిస్తారు. నాకు ఎక్కదు.

ప్రమీలమ్మా, కూరల్లో కాస్త ఉప్పు వెయ్యి తల్లీ. లేకపోతే ప్రతి ఉత్తరంలోనూ ఇదే చదవాలి.

తమ్ముడు
అంతోనయ్య


తిరువూరు,
ఫిబ్రవరి.

అంతోనయ్యా,

వచ్చి చూడరా నా మొక్కని! ఆకు అరచెయ్యి దాటి విస్తరాకంత అయింది. కాడ చూస్తే కుంకుమ పూసినట్టుంది. ఏనుగు చెవులు మీ కొండల్లోనే ఉంటాయనుకున్నావా?

నీ ఉత్తరం ప్రమీల పెరట్లో నిలబడి చదివింది. నాకు వినపడాలంటే ఎట్లా చదవాలో నీకు తెలుసు. వీధి చివరి వాళ్ళకి కూడా మా కూరల్లో ఉప్పు సంగతి తెలిసిపోతుంది. గోడ అవతల నుంచి సరోజినమ్మ అందుకుంది. "ఏం మేరమ్మా, మీ తమ్ముడు చుక్కకూర పంపాడంటగా!" "చుక్కకూర కాదు, చుక్కకూర మేనత్త" అన్నాను. పడీపడీ నవ్వింది.

సరోజినమ్మ ఎవరని అడుగుతావేమో. పెనుగొలను దశరథరామయ్యగారి భార్య. వాళ్ళ చేలోనే కదా నేను నడుం వంగిపోయేదాకా నాట్లు వేసింది! వాళ్ళు ఊళ్ళో ఇల్లు అమ్మి తిరువూరు వచ్చి కట్టుకున్నారు. మా అబ్బాయి నవీన్ ఆర్టీసీ ఉద్యోగం మీద లోను తీసి స్థలం కొంటే సరిగ్గా వాళ్ళ పక్కనే తగిలింది. నడుమ నడుమంత గోడ. మా గోంగూర ఆవిడ కోసుకుంటుంది, వాళ్ళ కరివేపాకు నేను కోసుకుంటాను. అడిగేది లేదు, చెప్పేది లేదు. ఇంట్లో మనిషి లేకపోయినా చెట్టు ఉంటుందిగా.

పాలవాడికి, కూరగాయల బండి అతనికి, జపమాలకి వచ్చిన ఆడవాళ్ళకి, అందరికీ చెప్పాను. "నేను మందు పెట్టాను, ఇక చూడండి దాని పని ఎట్లా ఉంటుందో" అని. ప్రమీల రాయడం ఆపి, "అత్తయ్యా, మందుమొక్క అనండి, మొక్క అనే మాట కలపండి" అంటోంది. ఎదురుగా మొక్క కనపడుతుంటే మళ్ళీ నోటితో అనడం ఎందుకు? టీచర్లకి అన్నీ రెండుసార్లు చెప్పే అలవాటు.

మీ అక్క
మేరమ్మ


తిరువూరు,
మార్చి.

అంతోనయ్యా,

వెంటనే జవాబు రాయి. కూర్చుని రాయకు, నిలబడి రాయి.

సరోజినమ్మ బెజవాడ ఆసుపత్రిలో ఉంది. ఆదివారం నేను చర్చిలో పూజకు వెళ్ళినప్పుడు గోడ మీదుగా వంగి రేవల్చిన్ని ఆకు కోసుకుని పప్పులో వేసింది. నేను తిరిగొచ్చి చూస్తే మొక్కకి తుంచిన కాడలే మిగిలాయి; చుక్కకూర పప్పు అనుకుంది పిచ్చిది. దశరథరామయ్యగారు పెళ్ళికని వినగడప వెళ్ళారు. ఆవిడ ఒక్కతే తిన్నది. పొద్దు వాలేసరికి గొంతు మంట, వాంతులు, మనిషి తోటకూర కాడలా వాలిపోయింది. డాక్టరు కిడ్నీలకి పరీక్షలు రాశాడట. కిడ్నీ అనే మాట వింటే ఎ.కొండూరు పక్కన పుట్టినవాళ్ళకి పాడెలే గుర్తొస్తాయి. ఆ జబ్బుతో ఎంతమందిని మోసుకుపోగా చూశాం!

ఏం తిన్నావమ్మా అని అక్కడ అడిగితే, "మేరమ్మ పెరట్లో కూర" అన్నదట. ఆ తర్వాత మాట రాలేదట. ఆ ఒక్క ముక్కే దశరథరామయ్యగారి చెవిన పడింది. పాలవాడు దానికి తోక తగిలించాడు. "అవునండి, ఆవిడే నాతో అన్నదండి, మందు పెట్టాను, దాని పని చూడమని."

ఇంకేం కావాలి? మేరమ్మ మందు పెట్టింది! వీధంతా ఇదే మాట. చేలో పని చేసిన నాటి కక్ష అని ఒకరు. వశం చేసుకుందామని పెడితే వికటించిందని ఒకరు. నిన్నటిదాకా పిల్లల్ని నా ఒళ్ళో వేసినవాళ్ళు ఇవాళ నన్ను చూసి పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. మొక్క పెట్టడానికీ, మందు పెట్టడానికీ మాట ఒకటే అయితే నేనేం చెయ్యను? ఆ మాట నేను పుట్టించానా?

మొక్క పీకేద్దామన్నాడు నవీన్. పీకితే సాక్ష్యం మాయం చేసిందంటారు. ఉంచితే ఇంకెవరికోసమో పెంచుతోందంటారు. చెంబు పట్టుకుని పెరట్లోకి పోతాను, నీళ్ళు పొయ్యకుండానే వెనక్కి వస్తాను. మళ్ళీ పోతాను. కాళ్ళు ఒకచోట నిలవడం లేదురా.

ఆ ఆకులో ఏముంది? నాకు నిజం కావాలి. కాలనీ పెద్దలు నన్ను పిలుస్తారట. నా వాదన నేను చెప్పుకోవాలి.

మేరమ్మ

బాబాయి గారూ, ఈ నాలుగు ముక్కలూ నావి, అత్తయ్యకి చదివి వినిపించను. ఆవిడ రెండు పూటలా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. మా బడిలో కూడా ఒక టీచరు నా డబ్బాలోని కూర వద్దంది. రోజూ అడిగి వేయించుకునే మనిషి. అత్తయ్యకి ఈ మాట చెప్పలేదు. చెబితే బడికొచ్చి కడిగేస్తారు.
— ప్రమీలారాణి


కోటగిరి,
మార్చి.

అక్కా,

నిలబడే రాస్తున్నాను.

రేవల్చిన్ని వేరు మందు. ఆకు విషం. ఉడికించినా పోదు. ముందు నవీన్‌ని ఆసుపత్రికి పరిగెత్తించు. విడిగా చీటీ మీద మొక్క పేరు డాక్టర్లకు అర్థమయ్యేలా రాసి పెట్టాను. అది డాక్టరు చేతిలో పడాలి. మిగతాదంతా తర్వాత.

చుక్కకూర జాతి అని రాసింది నేనే. ఆకు ముట్టొద్దని పక్కనే ఇంకొక్క వాక్యం రాయాల్సింది. ఇక్కడ ఆ ఆకు వంక ఎవరూ చూడరు, అందుకని తోచలేదు. చుక్కకూర పేరు వినగానే మనవాళ్ళకి కందిపప్పు గుర్తొస్తుందని, ఇన్నేళ్ళు చలిలో ఉండి మరిచిపోయాను.

పెద్దల ముందు ఎక్కువ మాట్లాడకు. ఒక్కటే చెప్పు. నేను ఇవ్వలేదు, నేను ఇంట్లో లేనప్పుడు అడక్కుండా దొంగతనంగా కోసుకుపోయింది అని. దాని కింద వేలిముద్ర వెయ్యి. కేసు అక్కడితో తేలిపోతుంది. నీ ముక్కుసూటితనం ఒక్క పూట పక్కన పెట్టు అక్కా, నీకు దణ్ణం పెడతాను.

తమ్ముడు
అంతోనయ్య


తిరువూరు,
ఏప్రిల్.

అంతోనయ్యా,

దొంగతనం అనే మాట రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చిందిరా? చలికి వేళ్ళతో పాటు బుద్ధి కూడా కొంకర్లు పోయిందా?

నీ చీటీ మాత్రం పనికొచ్చింది. నవీన్ డ్యూటీ మానుకుని బస్సెక్కి తీసుకుపోయాడు. డాక్టరు చూసి, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమని కేకలేశాడట. సరోజినమ్మకి గండం గడిచింది. కిడ్నీలు నిలబడ్డాయి. కొన్నాళ్ళు బెజవాడలో కూతురింట్లో ఉంచుతారట. దేవుడికి స్తోత్రం.

ఇక పంచాయితీ. సరోజినమ్మకి నోట మాట వచ్చేదాకా కూడా ఆగకుండా దశరథరామయ్యగారి వరండాలో పెట్టారు. కాలనీ ప్రెసిడెంటు వెంకటప్పయ్య, మన చర్చి పెద్ద రాయప్ప, ఇంకా ఊసుపోని వాళ్ళు. నాకు కుర్చీ వేశారు. వరండాలో కాదు, మెట్ల కింద. వెంకటప్పయ్య కాగితం మడత విప్పి, "చూడు మేరమ్మా, దారులు రెండే. నువ్వు ఇచ్చావా, ఆవిడ దొంగతనంగా కోసిందా?" అన్నాడు.

"ఇవ్వలేదు" అన్నాను.

"అట్లయితే దొంగిలించిందని వేలిముద్ర వెయ్యి, అయిపోద్ది."

"దొంగిలించలేదు."

"మరి ఆకు కాళ్ళొచ్చి గిన్నెలో దూకిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. రాయప్ప కూడా నవ్వాడు, వాడి సంగతి తర్వాత చూస్తాను.

"కోసుకుంది" అన్నాను. "మా పెరట్లో ఆవిడ కోసుకుంటుంది, ఆవిడ పెరట్లో నేను కోసుకుంటాను. దానికి దొంగతనమని పేరు పెడితే మేమిద్దరం ఎప్పుడో జైల్లో ఉండాలి."

దశరథరామయ్యగారు లేచారు. మంచివాడేరా, భార్య మంచాన పడితే మనిషి చిక్కిపోయాడు. కానీ ఆ మాట అనకూడదు. "మా ఇంటిదాన్ని నీ పెరట్లో ఆకులు ఏరుకునేదాన్ని చేస్తావా? ఊరంతా విన్నది, నువ్వే మందు పెట్టావు. ఎందులో పెట్టావో చెప్పు!" అన్నాడు.

నేనప్పుడు కుర్చీలోంచి లేచాను. మోకాలు నొప్పి కూడా తెలియలేదు. ఏం మాట్లాడాలని పోయానో మరిచిపోయాను. నోట్లోంచి ఇంకేదో వచ్చింది. ప్రమీల పక్కనే ఉంది, అన్నది అన్నట్టు రాయమంటున్నాను:

"ఎందులో పెడతానయ్యా? మందు పెట్టాలంటే అన్నంలో కలపాలి, కూరలో కలపాలి, హీనపక్షం కాఫీలోనన్నా కలపాలి. మీ చేలో నాటు వేసిన నాటి నుంచి ఇవాళ్టిదాకా నా ఇంటి మెతుకు మీ ఇంట్లో ఎవరు ముట్టారు? ఆ గోడ మీద పచ్చి ఆకు దాటింది గానీ ఉడికిన కూర ఒక్కనాడన్నా దాటిందా? క్రిస్మస్‌కి నేను పంపిన అరిసెలు మీ పాలేరు తినేవాడు, మీరు తిన్నారా? నా చేతి తిండి ముట్టని వాళ్ళకి నేను మందెట్లా పెడతాను? రాయండి వెంకటప్పయ్యగారూ, నా మీద నేరం రాయండి. రాసేముందు ఫలానా రోజు మేరమ్మ ఇంట్లో భోజనం చేశామని రాయండి. వేలిముద్ర వాళ్ళు వెయ్యాలి, నేను కాదు."

  వెంకటప్పయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దశరథరామయ్యగారు నా వంక చూడలేక గేటు వంక చూశారు. "ఇక పోండి" అన్నారు. నన్ను ఏకవచనం తప్ప పిలిచి ఎరగని మనిషి.

గెలిచానంటున్నాడు నవీన్. ఏం గెలవడమో! ఆ మాట ఇన్నేళ్ళు నా లోపల ఉందని నాకే తెలియదు. ఇప్పుడు బయటికొచ్చింది, ఇల్లంతా తిరుగుతోంది, నన్ను కూర్చోనివ్వడం లేదు. తల్లులు ఇంకా పిల్లల్ని తేవడం లేదు. మందు పెట్టలేదని తేలింది, కానీ నా చెయ్యి మంచిదని తేలలేదుగా.

మేరమ్మ


కోటగిరి,
ఏప్రిల్.

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నువ్వన్నది నిజమే. వాళ్ళ చేల గట్ల మీద మనమ్మ దోసిట్లో నీళ్ళు తాగడం నేనూ చూశాను. కానీ ఆ మాట విని దశరథరామయ్యగారు నాలుగు రోజులు ముఖం దించుకుంటారు, అంతే. గుచ్చుకునేది సరోజినమ్మకి. ఆవిడ అక్కడ లేదు, ఎవరెవరి నోట వింటుందో తెలియదు. ఒక ముక్కకి తోక తగిలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు.

మొక్కకి గోనె కట్టకు, నీళ్ళు ఆపు. ఎండకి దానంతటదే పోతుంది, ఎవరూ పీకిన పాపం ఉండదు. వేసవి దాటేదాకా నువ్వు ఇక్కడికి రా. నవీన్‌కి పాసు ఉంటుందిగా. ఇక్కడ నీ మీద మాట అనేవాళ్ళు లేరు, అన్నా అరవంలో అంటారు, నీకు అర్థం కాదు.

తమ్ముడు
అంతోనయ్య


తిరువూరు,
మే.

అంతోనయ్యా,

నేను రాను. పారిపోయిందంటారు. అరవంలో తిట్లు తినే ఖర్మ నాకెందుకు, తెలుగులో తిట్టేవాళ్ళు ఇంతమంది ఉండగా?

గోనె కడుతూనే ఉన్నాను. అయినా నీ రేవల్చిన్ని వాడిపోయింది. ఆకులన్నీ రాలి, నడుమ ఒక్క మొగ్గ మాత్రం మట్టిలో కళ్ళు మూసుకుని ఉంది. బతికుందో చచ్చిందో తెలియదు. తడి చేస్తూనే ఉంటాను. నువ్వు వద్దన్నావు కాబట్టి ఇంకా చేస్తాను.

సరోజినమ్మ బెజవాడ నుంచి వచ్చింది. వచ్చిన మాట గేటు ముందు ఆటో ఆగడం చూసి తెలిసింది. వారం తిరిగినా గోడ దగ్గరికి రాలేదు. నేనూ పోలేదు. గోంగూర కోసుకునేవాళ్ళు లేక ముదిరిపోయి పూతకొచ్చింది. ప్రమీలని కోయనివ్వలేదు. ఎందుకని అడగొద్దు.

ఇవాళ పొద్దున నీళ్ళ ట్యాంకరు వచ్చింది. వీధిలో ఆడవాళ్ళంతా బిందెలతో మా గేటు ముందే ఉన్నారు. సరిగ్గా అప్పుడు సరోజినమ్మ వచ్చింది. గోడ దగ్గరికి కాదు, వీధి గేటు తీసుకుని. మనిషి సగమైపోయింది, జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. మా వసారాలో చాప మీద కూర్చుని, ట్యాంకరు దాకా వినపడేట్టు అంది:

"మేరమ్మా, అన్నం పెట్టు!"

బిందెలు నిండి పొర్లుతున్నాయి, ఒక్కరూ పక్కకి జరగలేదు. అవతల వరండాలో దశరథరామయ్యగారి చేతిలో పేపరు అట్లాగే ఉండిపోయింది.

నాకు సంతోషం కలగాలి కదా? ఒళ్ళు మండింది. "సరోజినమ్మా, మీరు తినడానికొచ్చింది అన్నమా, సాక్ష్యమా?" అన్నాను.

"సాక్ష్యమే" అంది. "అబద్ధం ఎందుకు? నువ్వు నలుగురిలో అన్నావు, నేను నలుగురిలో తినాలి."

"నలుగురికి చూపించడానికి తినేవాళ్ళకి నా ఇంట్లో కంచం లేదు. ఆకలేసినప్పుడు రా" అన్నాను.

ప్రమీల ఇక్కడ "రండి" అని రాసిందట, నాకు చదివి వినిపిస్తే తెలిసింది. కొట్టేయించాను. నేనన్నది "రా" అనే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆవిడని అట్లా అనలేదు, ఇవాళ నోటికి అదే వచ్చింది.

లేచి పోతుందనుకున్నాను. పోలేదు. "అయితే ఆకలేసేదాకా ఇక్కడే కూర్చుంటాను" అని గోడకి చేరగిలబడింది. ట్యాంకరు పోయింది. ఆడవాళ్ళు కాసేపు తచ్చాడి, ఎండకి ఆగలేక బిందెలెత్తుకుని పోయారు. దశరథరామయ్యగారు "సరోజినీ!" అని ఒకసారి పిలిచి, పలక్కపోయేసరికి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

మేమిద్దరమే మిగిలాం. నీకు ఉత్తరం మొదలుపెట్టించాను, ఊరికే ఆవిడ ముఖం చూస్తూ ఎంతసేపని కూర్చోను? ఆవిడ వింటూనే ఉంది. నడుమ నడుమ అడ్డొస్తోంది. "మీ ఫ్యాను ఇంతేనా, ఇంకా తిరుగుతుందా" అంటుంది. "గోంగూర అట్లా ముదరబెట్టావేం" అంటుంది. కోసుకునేవాళ్ళు చచ్చారు గనక అన్నాను. "చావబోయి వచ్చాను, చావలేదు" అంది. ఆ మాటకి ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం. ఆవిడ మనసులో ఏముందో నాకు తెలియదు. నేనన్నది ఆవిడ మరిచిపోదు, వాళ్ళు చేసింది నేనూ మరిచిపోను. అది అట్లాగే ఉంటుంది కాబోలు.

పొద్దు తిరిగింది. వీధిలో కుక్క కూడా లేదు. ఇప్పుడు నా చెవి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, నా వంక చూడకుండా, "మేరమ్మా, నిజంగానే ఆకలేస్తోందే" అంటోంది.

ప్రమీలా, ఉత్తరం ఆపు. బియ్యం కడుగు.